తాగిన నూనె జారదు

శనివారం ఉదయం మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక బెంచీ ఫొటో వచ్చింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో, మా హాలు వెనక, గడ్డిలో, కొత్త చెక్క బెంచీ. కింద ప్రెసిడెంట్ గారి సందేశం: "మన ప్రియమైన అంకుల్ స్మృతికి. రేపు పదకొండు గంటలకి ఆవిష్కరణ. అందరూ రావాలి. సమోసాలు ఉంటాయి." ఐదు నిమిషాల్లో దండం పెట్టే చేతులు వరసగా నలభై దాకా పడ్డాయి.

నేను దండం పెట్టలేదు. ఫొటోని పెద్దది చేసి చూశాను. కార్ల విడిభాగాల మీద వేసే పూతలు ఎంతకాలం నిలుస్తాయో పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఏ వస్తువుని చూసినా దాని లోపాలు ముందు కనిపిస్తాయి, అదీ అంకెలు వేసుకుని. ఒకటి, బెంచీ అద్దంలా మెరుస్తోంది, అంటే మందంగా వార్నిష్ కొట్టారు. రెండు, కాళ్ళు నేరుగా తడిగడ్డిలో నిలబడ్డాయి, కోసిన చివరలకి కుళ్ళకుండా మందు పెట్టిన ఆనవాలు లేదు. మూడు, ఇత్తడి రేకుని బిగించిన స్క్రూలు వార్నిష్‌ని చీల్చుకుని దిగాయి, ఇక ఆ నాలుగు బెజ్జాల్లోంచి వాన లోపలికి పోతుంది. నాలుగు, ఆ రేకు మీద ఆయన పేరు కింద ఇంగ్లీషులో 'మన హ్యాండీమ్యాన్' అని చెక్కి ఉంది.

మొదటి మూడూ చెక్కకి జరిగిన అన్యాయం. నాలుగోది మనిషికి జరిగింది. ఆయన బతికుండగా ఈ సంఘమే ఆయన దగ్గర తాళంచెవి తీసేసుకుంది. చనిపోయిన రెండు నెలలకి, ఏ పని చేయొద్దని ఆయన మొత్తుకున్నారో సరిగ్గా ఆ పనే చేసి, దానికి ఆయన పేరు తగిలించి, గడ్డిలో నిలబెట్టింది. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అందులో సగం నా మీదే అని కూడా ముందే చెప్పేయాలి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ముందు సరైన బెంచీ మీదికి ఎక్కాలి. కోవెంట్రీ తెలుగువాళ్ళలో అంకుల్స్ చాలామంది ఉన్నారు గానీ, ముందూ వెనకా ఏ మాటా లేకుండా 'అంకుల్' అంటే ఆయనే.

నేను ఎమ్మెస్సీకి వచ్చిన ఏడాది, ఒక ఆదివారం హాలు వెనక పిక్నిక్ బల్ల దగ్గర కూర్చుని పేపరు ప్లేటులో పులిహోర తింటున్నాను. సన్నటి పెద్దాయన ఒకరు వచ్చారు. చేతిలో ఉన్న ఫ్లాస్కు మూతలోని నీళ్ళలో వేలు ముంచి, నా ప్లేటు పక్కనే బల్ల మీద ఒక్క చుక్క వదిలారు. వదిలి, నడుం వంచి, ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయారు.

"ఏంటి అంకుల్?"

"ష్. ఆగు."

చుక్క కాసేపు గుండ్రంగా ఉంది. తర్వాత అంచులు చదునయ్యాయి. చుట్టూ చెక్క నల్లబడింది. ఇంకిపోయింది.

"తాగేసింది," అన్నారు. "కాస్త పక్కకి జరిగి తిను అబ్బాయ్. దీనికి దాహంగా ఉంది."

నేను మెటీరియల్స్ ఇంజనీరింగ్ చదువుతున్నానని చెప్పాను. అంతటితో ఊరుకోకుండా, ఆయన చేసిన పని ఉపరితలం నీటిని పీల్చుకునే గుణానికి ఒక ప్రాథమిక పరీక్ష అని కూడా వివరించాను.

"ఆయ్, అలాగా అండీ," అన్నారు ఎంతో మర్యాదగా. ఆ రోజు నుంచి నేను ఆయనకి 'ఇంజనీరు గారు' అయ్యాను. అది ఎగతాళో గౌరవమో ఆఖరిదాకా తేల్చుకోలేకపోయాను.

ఆ చుక్క ఆయనతో పాటే ఊరంతా తిరిగేది. బస్‌స్టాపు బెంచీ మీద, పార్కు గేటు మీద, వాళ్ళావిడ, మా ఆంటీ, డ్యూటీ దిగేదాకా కూర్చునే ఆస్పత్రి తోటలో బల్ల మీద. చుక్క ముత్యంలా నిలబడితే, "ఇంకా ఉంది. ఈ ఏడాది దీని జోలికి పోవద్దు." ఇంకిపోతే, "పెట్టాలి." ఒకసారి పార్కులో కుక్కతో వచ్చిన ఒక ఇంగ్లీషావిడ ఆగి, ఏం చేస్తున్నారని అడిగింది. "డ్రింకింగ్, మేడమ్. వెరీ థర్స్టీ," అన్నారు బెంచీని చూపిస్తూ. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి కుక్కని లాక్కుని వెళ్ళిపోయింది.

కాకినాడ అవతల చెక్క పడవలు కట్టే ఊరు ఆయనది. నూనెలో గుగ్గిలం మరిగించి పడవ అడుగుకి పట్టించడం ఆ చేతులు నేర్చిన మొదటి పని. ఆంటీ నర్సు. ఆవిడకి ఇక్కడ ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే వెంట వచ్చి, కలప యార్డులో చేరారు. పెద్ద ఇనప ట్యాంకులో కలపని పెట్టి, ఒత్తిడితో మందుని చెక్కలోకి ఎక్కించే షెడ్డులో ఇరవై ఏళ్ళ పైన పని చేశారు. "అయితే లేబర్ పనా అంకుల్?" అని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు అడిగితే, "ఆయ్, లేబరే," అనేవారు హాయిగా.

నేను మూడు సబ్జెక్టులుగా చదివింది ఆయన ఒక్క క్రియాపదంతో చెప్పేవారు. తాగడం. "చెక్కకి తాగించాలి గానీ చొక్కా తొడగకూడదు అబ్బాయ్. చొక్కా చిరుగుద్ది." పైన పొరలా నిలిచే పూత ఎండకి పెళుసెక్కి, చెక్క ఉబ్బినప్పుడల్లా కదల్లేక పగిలిపోతుందనీ, ఆ పగుళ్ళలోంచి దూరిన నీరు బయటికి రాలేక లోపలే కుళ్ళిస్తుందనీ నేను చార్టులు గీసి చెప్పగలను. ఆయనకి చొక్కా చాలు.

యార్డు నుంచి ఆకుపచ్చ ఛాయతో వచ్చే కలప చూపించి ఒకసారి రంపంతో చివర కోశారు. పైన పచ్చగా, లోపల పాలిపోయి ఉంది. "చూశావా. మందు తోలు దాకానే. కోసిన ప్రతి చోటా మళ్ళీ పెట్టాలి. 'ట్రీటెడ్' అని ముద్ర ఉంది కదా అని ఊరుకున్నావనుకో, నీ కోతలోంచే పురుగొస్తది." నూనె తుడిచిన గుడ్డపీలికల్ని ఎప్పుడూ ఉండచుట్టి పడేసేవారు కాదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని, ఒక్కొక్కటీ విడదీసి పెరట్లో తీగ మీద ఆరేసేవారు. ఆంటీ యూనిఫారాల పక్కన ఆ మరకల పీలికలు రెపరెపలాడుతుంటే, "ఇరుగుపొరుగు వాళ్ళు ఇవి మన బట్టలనుకుంటారండీ," అని ఆవిడ గొణిగేవారు.

కొత్త టిన్ను తెస్తే ముందువైపు చూసేవారు కాదు. తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, వెనక ఉన్న చిన్న అక్షరాల్ని కూడబలుక్కుంటూ పైకి చదివేవారు. "ముందువైపు రాసింది అమ్మేవాడు. వెనక రాసింది చేసినవాడు. నువ్వు ఎవరితో మాట్లాడతావు?"

మండే ఎండలో రాయొద్దనేవారు. చినుకు పడే రోజున వద్దనేవారు. ముందురోజు వాన పడినా వద్దనేవారు.

"మరి ఈ దేశంలో ఎప్పుడు రాస్తారు అంకుల్?"

"మే నెలలో ఒక మంగళవారం వస్తది చూడు. అప్పుడు."

హ్యాండీమ్యాన్ అంటే మేకు కొట్టిపెట్టే మనిషి. అది తక్కువ పని అని నేను అనట్లేదు. కానీ ఇది ఆ పని కాదు.

ఇక ర్యాంపు సంగతి.

హాలు వెనక తలుపు దగ్గర చక్రాల కుర్చీల కోసం, పిల్లల బళ్ళ కోసం చెక్క ర్యాంపు ఉంది. పోయినేడాది ఉగాదికి నాలుగు రోజుల ముందు దానికి వార్నిష్ కొట్టాలని కమిటీ నిర్ణయించింది. మా ప్రెసిడెంట్ గారు ఉండేది మిల్టన్ కీన్స్‌లో. వారమంతా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపి, ఆదివారం కారులో వచ్చి మమ్మల్ని నడుపుతారు. ఆ ఆదివారం ఆరు టిన్నులు తెచ్చారు.

అంకుల్ ర్యాంపు మీద చెయ్యి పెట్టి చూసి లేచారు. "చెక్క తడిగా ఉందండి. ఇప్పుడు పైన మూతేస్తే తడి లోపలే ఉండిపోద్ది. చలికాలానికి పెచ్చులు లేస్తది. పాచి పడతది. అసలు నడిచే చోట వార్నిష్ కూడదండి."

"అంకుల్, ఉగాదికి కౌన్సిలర్ గారు వస్తున్నారు. ర్యాంపు మెరవాలి."

"మెరిస్తే జారుద్దండి."

"ఇది కాకినాడ పడవ కాదు అంకుల్, యూకే ప్రొడక్ట్. పదేళ్ళ గ్యారంటీ."

అందరూ నవ్వారు. అంకుల్ కూడా కాస్త నవ్వారు. ప్రెసిడెంట్ గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, మెటీరియల్స్ మనిషివి. నువ్వు చెప్పు."

నేను టిన్ను చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు పెద్ద అక్షరాలు చదివాను. "ఎక్స్‌టీరియర్ అనే ఉంది సార్."

అంతే అన్నాను. టిన్ను తిప్పలేదు. ఖాళీ టిన్నులు చెత్తలో వేసేటప్పుడు తిప్పాను. డెక్కుల మీద, మెట్ల మీద వాడరాదు. పూర్తిగా ఆరిన చెక్కకే వేయాలి. చిన్న అక్షరాల్లో, స్పష్టంగా. అప్పటికి ర్యాంపు మెరుస్తోంది.

అంకుల్ ఆ రోజు వాదించలేదు. "ఒక్క పలక నాకొదిలెయ్యండి," అన్నారు. కింది నుంచి మూడో పలక. దాని రెండంచులకీ టేపు అంటించి, వార్నిష్ పడకుండా పక్కన నిలబడి కాపలా కాశారు.

మే నెలలో నిజంగానే ఒక మంగళవారం వచ్చింది. మబ్బుగా, పొడిగా, గాలి లేకుండా. నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ముందు చుక్క. తాగింది. చెక్క నార వెంట పల్చగా నూనె రాశారు. కోసిన రెండు చివరలకీ మందు పెట్టడం అంతకుముందే అయిపోయింది. ఇరవై నిమిషాలు ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చుని, లేచి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచేశారు.

"అదేంటి, ఇప్పుడే కదా రాశారు?"

"తాగినంత తాగింది. మిగిలింది దానిది కాదు."

నవంబరులో దీపావళి కార్యక్రమం రోజున వాన. అల్లుడి ఇంటికి నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వెనక తలుపులోంచి బయటికి వస్తూ ర్యాంపు పైభాగంలో జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆవిడ అల్లుడు కార్యక్రమంలో మైకు పట్టుకుని ఉన్నాడు. అతనికి కబురు పంపి, ముందు నేనే ఆవిడని నా కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. దారిలో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ అద్దం మాదిరుండే చోట కాలు పోయింది నాయనా. కింద పచ్చగా ఏందో ఉండాది."

పచ్చగా ఉన్నది పాచి. వార్నిష్ పెచ్చులు లేచిన చోట, అంకుల్ చెప్పిన కాలానికి, చెప్పినట్టే పట్టింది.

నేను తిరిగి హాలుకి వచ్చేసరికి వంటగదిలో కథ తయారైపోయింది.

"అంకుల్ ర్యాంపు మీద నూనె రాశాడట."

"నూనా? నడిచే చోట ఎవరైనా నూనె రాస్తారా?"

"పడవలకి రాసేవాడు కదా, ఇక్కడా అదే అనుకున్నాడు పాపం."

ఒక పాప తల్లి చెయ్యి పట్టుకుని, "మమ్, డిడ్ హి యూజ్ కుకింగ్ ఆయిల్?" అని అడిగింది. అందరూ పగలబడి నవ్వారు.

ఇక్కడ ఒక మాట ఎంత పని చేసిందో చూడండి. డెక్కింగ్ ఆయిల్ అని ఇంగ్లీషులో అంటే ఎవరికీ ఏమీ అనిపించదు, షాపులో అరల నిండా ఉంటుంది. దాన్నే తెలుగులో నూనె అనగానే వంటింటి గచ్చు, తలంటు రోజున స్నానాలగది గుర్తొస్తాయి. మన చెవికి నూనె అంటేనే జారడం. ఆ ఒక్క అనువాదంతో ఇరవై ఏళ్ళ పనితనం తెలివితక్కువతనం అయిపోయింది. ఆరు టిన్నుల వార్నిష్ మాత్రం ఎవరి నోటా రాలేదు. వార్నిష్‌కి తెలుగు లేదు కదా, అది బతికిపోయింది.

ఇక నేను చేసింది. పట్టికలు బాగా రాస్తానని నన్ను కార్యదర్శిని చేశారు. ప్రమాదం జరిగితే నింపే ఫారం నేనే నింపాను. అందులో ఒక గడి: నేల మీద ఉన్న పదార్థాలు. నేను రాసింది ఇది: 'వాన నీరు, ఒక పలకకి నూనె రాయబడి ఉంది.' వార్నిష్ రాయలేదు. వార్నిష్ నేలకి చేసిన ఫినిష్, నేల మీద ఉన్న పదార్థం కాదు అని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దావిడ మాట రాయలేదు, దానికి గడి లేదు. నేను రాసిన ప్రతి అక్షరం నిజం. ఆ కాగితం మొత్తం అబద్ధం.

కమిటీ దాన్ని చదివి, హాలు చెక్కపని ఏదీ ఇక అంకుల్ ముట్టుకోకూడదని తీర్మానం చేసింది. బ్రష్షులు, టిన్నులు ఉండే షెడ్డు తాళంచెవి ఇచ్చెయ్యమని ఆయనకి మెసేజ్ పెట్టారు. ఫోను కూడా చేయలేదు. ఆయన బస్సెక్కి వచ్చి, చెవిని తన గొలుసులోంచి ఊడదీసి, ప్రెసిడెంట్ గారి చేతిలో పెట్టి, "షెడ్డు తలుపు కింద కాస్త తడి వస్తంది, చూసుకోండి," అని చెప్పి వెళ్ళిపోయారు.

డిసెంబరులో ఒక వాన రోజున నాకు ఫోన్ చేశారు. "ఇంజనీరు గారూ, ఓసారి హాలు దగ్గరికి వస్తావా. మామూలు బూట్లేసుకునిరా."

వెళ్ళాను. గొడుగు కింద నిలబడి ఉన్నారు. ర్యాంపు పైన వార్నిష్ మిగిలిన పలక చూపించి, "అడుగెయ్యి," అన్నారు. పక్కనున్న కమ్మీ పట్టుకుని వేశాను. బూటు సర్రున పోయింది. కమ్మీ లేకపోతే నేనూ ఆస్పత్రికే.

"ఇప్పుడు నాది."

మూడో పలక మీద అడుగు పెట్టాను. అదే వాన, అదే బూటు, అదే వాలు. కాలు నిలబడింది. కావాలని జార్చబోయినా జారలేదు.

"తాగిన నూనె జారదు అబ్బాయ్. పైన నిలిచిందే జారుద్ది." ఆయన గొంతు పెంచలేదు. "చెవి పోతే పోయింది. నాకు దాంతో పని లేదు. కానీ ఒక ముసలావిడ చెయ్యి నా పనివల్ల విరిగిందని కాయితం మీద ఉంది చూడు. పడవల పనిలో అయితే ఆ మాట పడ్డవాడి చేతికి మళ్ళీ బ్రష్ ఇవ్వరు. ఆ ఒక్క లైను మార్చు."

నేనేమన్నానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. "తప్పకుండా అంకుల్. కానీ ఆమోదించిన రిపోర్టు కదా, సవరణకి ఒక పద్ధతి ఉంది. జనవరి మీటింగులో అజెండాలో పెడతాను."

"పద్ధతి ఉంటే అలాగే చెయ్యి," అన్నారు. మనిషి పద్ధతిని నమ్మేవాడు. ప్రతి టిన్ను వెనకా చదివేవాడు.

జనవరి మీటింగు జరగలేదు, ప్రెసిడెంట్ గారు ఊళ్ళో లేరు. మార్చికి వాయిదా వేశారు. ఫిబ్రవరిలో ఒక బుధవారం ఉదయం గుండెపోటుతో అంకుల్ వెళ్ళిపోయారు. నా సవరణ ల్యాప్‌టాప్‌లో ఉంది, నాలుగు అంశాలుగా, అంకెలు వేసి. శ్మశానం దగ్గర మా సంఘం వాడొకడు నా చెవిలో, "ఆ నూనె గొడవ మనసులో పెట్టుకున్నట్టున్నాడు పాపం," అన్నాడు. నూనె గొడవట! మార్చి మీటింగుకి తగినంతమంది రాలేదు. ఏప్రిల్లో బెంచీ వచ్చింది.

ఆ ఫొటో చూసిన శనివారమే నెల్లూరుకి ఫోన్ చేశాను. పెద్దావిడ చెయ్యి బాగానే ఉందట. రిపోర్టులో ఏముందో చెప్పాను.

"నూనె మీదనా? నేనా? ఎవురు చెప్పింది?" గొంతు ఖంగుమంది. "నన్ను ఎవురన్నా అడిగినారా?"

"ఇదే మాట వాయిస్ మెసేజ్‌గా పంపిస్తారా అమ్మా?"

"ఎట్లా పంపేది? ఏడ నొక్కాలో చెప్పు."

ఆదివారం సన్నటి జల్లు. గొడుగుల కింద పాతికమంది చేరారు. ఆంటీ నీలంరంగు కోటులో, చేతిసంచితో వచ్చారు.

"రండి ఆంటీ. ముందు మీరే కూర్చోవాలి," అని ప్రెసిడెంట్ గారు తన కర్చీఫుతో బెంచీ మీది తడి తుడిచారు.

ఆంటీ కూర్చోలేదు. సంచిలోంచి ఫ్లాస్కు తీశారు. అదే ఫ్లాస్కు. మూతలో నీళ్ళు పోసి, వేలు ముంచి, బెంచీ మీద ఒక్క చుక్క వదిలారు. వంగి చూస్తున్నారు. ఇదేదో కర్మకాండలో భాగమనుకుని వెనక ఒకాయన టోపీ తీసేశాడు. ఇంకొకావిడ చేతులు జోడించింది. ఎవరో గోవింద కూడా అన్నారు. చుక్క గుండ్రంగా వణికి, వాలులో దొర్లి, అంచు దాటి గడ్డిలో పడిపోయింది.

"తాగట్లేదు," అన్నారు ఆంటీ. తర్వాత నన్ను వెతికి పట్టుకున్నాయి ఆవిడ కళ్ళు. "ఆ కాయితం మారిందా బాబూ?"

"లేదు ఆంటీ."

"అయితే నేను కూర్చోను."

ప్రెసిడెంట్ గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఏంటయ్యా ఇది? చనిపోయినాయన ముందు ఈ పంచాయితీ ఇప్పుడెందుకు?"

"ఆయన బతికుండగా పెట్టలేదు కాబట్టి సార్."

ఫోను సౌండు పూర్తిగా పెంచి పైకెత్తాను. నెల్లూరు గొంతు వానలో అందరికీ వినబడింది. "నేను పడింది నూనె మీద కాదు. అద్దం మాదిరి మెరిసే చోట. కింద పాచి. ఆ పెద్దమనిషిని ఊరికే అనబాకండి. ఆయన మా అల్లుడింటికి పండ్లు తెచ్చినాడు, నన్ను చూసేదానికి. మీరెవురన్నా వచ్చినారా?"

ఆయన వెళ్ళి చూసి వచ్చారని నాకూ అప్పుడే తెలిసింది. ఈ మాట నాకు శనివారం రికార్డింగులో వినబడలేదు. సగం విని, సరిపోయిందని ఆపేశాను. ఆ అలవాటు నాకింకా పోలేదు.

తర్వాత సవరణ చదివాను. నాలుగు అంశాలు కాదు, ఒక్కటే. 'తడి చెక్క మీద, అంకుల్ వద్దని చెప్పినా, కమిటీ వేయించిన వార్నిష్ లేచి పాచి పట్టిన చోట ఆవిడ జారారు. నూనె రాసిన పలక మీద కాదు. ఈ సంగతి తెలిసి కూడా కార్యదర్శి రాయలేదు.'

"సరే సరే, దిద్దేయ్," అన్నారు ప్రెసిడెంట్ గారు. "మినిట్స్‌లో పెట్టెయ్. ఎవరికైనా అభ్యంతరమా? లేదు కదా. పదండి, సమోసాలు చల్లారిపోతున్నాయి."

అంత తేలిక! అర నిమిషం పని. ఇంత చిన్న పనికి ఆయన వానలో గొడుగు కింద నిలబడి నన్ను అడగాల్సి వచ్చింది, నేను పద్ధతి అన్నాను.

ఆంటీ చెయ్యి చాపారు. "షెడ్డు చెవి," అన్నారు, నర్సు గొంతుతో. ప్రెసిడెంట్ గారు కారు తాళాల గుత్తిలో వెతికి తీసిచ్చారు.

బెంచీని షెడ్డులోకి మోసుకుపోయాం. షెడ్డు తలుపు కింద నిజంగానే తడి వస్తోంది. బెంచీని తలకిందులుగా ఇటుకల మీద పెట్టి రెండు వారాలు ఆరనిచ్చాను. తర్వాత కాళ్ళ చివరలకి మందు పెట్టాను. పెట్టడం, తాగడం, మళ్ళీ పెట్టడం. ఐదోసారికి ఇక చాలంది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి వార్నిష్ గీకుతున్నాను. రేకు ఊడదీశాను. దాని మీద ఏం ఉండాలని అడిగితే, "పేరు చాలు," అన్నారు ఆంటీ.

నిన్న మంగళవారం. మే నెలే గానీ చినుకులు పడ్డాయి. మధ్యాహ్నం గ్రూపులో ప్రెసిడెంట్ గారి మెసేజ్: "బెంచీ ఎక్కడ? కౌన్సిలర్ గారు ఫొటో అడుగుతున్నారు. అర్జెంట్."

ఒక్క మాటే జవాబు పెట్టాను.

"ఆరుతోంది."